విశాఖ చూడ్డానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పెదవాల్తేరు. ఇంటి నుంచి బీచ్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. అందుకే సంక్రాంతికీ, వేసవి సెలవులకీ మా ఇంట్లో చుట్టాలు లేని వారం ఉండదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి అందరూ అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఒకచోట రాసిపెట్టాను. టికెట్ ధరలు మాత్రం రాయలేదు. రాసినా ఆర్నెల్లకే పాతబడిపోతాయి.

వైజాగ్ చూడ్డానికి ఎన్ని రోజులు పడుతుంది?

ఊరికి రెండు రోజులు, అరకుకి ఒక రోజు. మూడు రోజులుంటే హాయిగా తిరగొచ్చు. రెండే రోజులుంటే అరకు ఈసారికి వదిలేయమంటాను. నా మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

అసలు ఇబ్బంది రోజులతో కాదు, తిరిగే పద్ధతితో. విశాఖ గుండ్రంగా ఉండే ఊరు కాదు. సముద్రాన్ని పట్టుకుని పొడుగ్గా సాగిన ఊరు. ఉత్తరాన భీమిలి, దక్షిణాన పోర్టు దాటాక యారాడ, పడమర కొండల మధ్య సింహాచలం. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం రుషికొండ, సాయంత్రం యారాడ అని ప్లాన్ వేసుకుంటే రోజంతా ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరా, మద్దిలపాలెం దగ్గరా ట్రాఫిక్‌లోనే గడుస్తుంది. రోజుకి ఒక దిక్కు పెట్టుకోండి. ఆ దిక్కులో ఉన్నవన్నీ తీరిగ్గా చూడండి.

ఏ నెలలో రావాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండ ఉంటుంది కానీ కాల్చదు. అరకులో చలి బాగుంటుంది.

పిల్లల సెలవులు కదా అని మే నెలలో వచ్చేవాళ్లే ఎక్కువ. విజయవాడతో పోలిస్తే ఇక్కడ ఎండ తక్కువే, కానీ ఉక్కపోత చంపేస్తుంది. స్నానం చేసి బట్టలు మార్చుకునేలోపే మళ్లీ చెమట. మేలో వస్తే పొద్దున తొమ్మిదిలోపు ఒక విడత, సాయంత్రం నాలుగు తర్వాత ఒక విడత తిరగండి. మధ్యలో ఫ్యాన్ కింద పడుకోండి. తాటిముంజెలు తినొచ్చు, అదొక్కటే ఆ నెల్లో లాభం.

అక్టోబరులో తుపాను భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. బీచ్ రోడ్డులో, కైలాసగిరి మీద, జూలో చెట్లు ఎలా కూలిపోయాయో చూసినవాళ్లం. అందుకే ఆ రోజుల్లో వాతావరణ హెచ్చరిక వస్తే టికెట్లు రద్దు చేసుకోమనే చెబుతాను.

బీచ్‌లో సూర్యాస్తమయం ఏ పాయింట్ నుంచి బాగా కనిపిస్తుంది?

ఎక్కడి నుంచీ కనిపించదు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, కొండల వెనక్కి వెళ్లిపోతాడు. అయినా ఏటా ఎవరో ఒకరు సాయంత్రం ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడతారు. ‘ఇంకా దిగలేదేంటి?’ అంటారు. వెనక్కి తిరిగి చూడమని చెప్పేసరికి చీకటి పడిపోతుంది.

సూర్యోదయం చూడాలంటే మే నెలలో తెల్లవారి అయిదుంపావుకల్లా ఇసుకలో ఉండాలి. జనవరిలో అయితే ఆరుంపావుకి వచ్చినా చాలు. పొద్దున కొన్ని గంటలు ఆర్కే బీచ్ రోడ్డులోకి బళ్లని రానివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, యోగా చేసే పెద్దవాళ్లే. విశాఖని విశాఖవాళ్లు ఎలా వాడుకుంటారో తెలియాలంటే ఆ సమయంలోనే రావాలి.

ఆర్కే బీచ్‌లో ఇసుక కాకుండా ఇంకేముంది?

ఆర్కే అంటే రామకృష్ణ. పక్కనే రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది, ఆ పేరే బీచ్‌కి వచ్చింది. ఒడ్డునే కాళికామాత గుడి, 1971 యుద్ధ విజయ స్మారకం, విశాఖ మ్యూజియం ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో ఒక బాంబుని ఈ మ్యూజియంలోనే పెట్టారు. ఈ ఊరి మీద బాంబులు పడ్డాయన్న సంగతి ఇక్కడి పిల్లలకే సగం మందికి తెలీదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది. తర్వాత దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చి ఇసుకలో నిలబెట్టి, 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయట నుంచి చూస్తే పెద్దదే. లోపలికి వెళ్లాక తెలుస్తుంది, మనుషులకి మిగిలిన చోటు ఎంతో. ఒక గది నుంచి ఇంకో గదిలోకి మామూలు తలుపు ఉండదు. నడుము ఎత్తులో గుండ్రటి కంత ఉంటుంది. ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, తల చివర్న తీసుకోవాలి. మా మావయ్య భారీ మనిషి. రెండో కంత దగ్గర ఇరుక్కున్నంత పనైంది. వెనక లైన్ ఆగిపోయింది, మా అత్త నవ్వాపుకోలేక గోడకున్న పైపు పట్టుకుని నిలబడింది. నావికులు పడుకునే పరుపులు, వంటగది, టార్పెడోలు, అడుగడుగునా మీటర్లు, చక్రాలు. రిటైరైన నేవీ వాళ్లే దగ్గరుండి వివరిస్తారు. తొందరపడకుండా వినండి.

రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద నిఘా కోసం వాడిన పెద్ద విమానం. 2017 నుంచి ఇది కూడా మ్యూజియమే. రెండూ కలిపి చూస్తే రెండు గంటలు చాలు.

సోమవారం రావచ్చా?

రావచ్చు, కానీ జూకీ కురుసురకీ సోమవారం సెలవు. ఇది నేను నేర్చుకున్న పాఠం. ఒకసారి మా చెల్లెలి పిల్లలిద్దర్నీ తీసుకుని పొద్దున్నే జూకి వెళ్లాను. గేటు మూసి ఉంది. ‘సరేలే, సబ్‌మెరైన్ చూపిస్తా’ అని బీచ్‌కి తిప్పాను. అక్కడా తాళమే. ఆ రోజంతా ఐస్‌క్రీములతో నడిపించాల్సి వచ్చింది. సోమవారం అయితే తొట్లకొండ, భీమిలి పెట్టుకోండి. ఇంకో మాట: మామూలు రోజుల్లో కురుసుర మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, పొద్దున్నే వెళ్లి నిలబడకండి.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

ఆర్కే బీచ్‌లో వద్దు. కాళ్లు తడుపుకోండి, అంతే. పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది. కానీ ఒడ్డు దాటగానే ఒక్కసారిగా లోతు, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. యారాడలో కూడా అంతే, చూడ్డానికి ఎంత బాగుంటుందో నీళ్లు అంత మోసం. కాలేజీ కుర్రాళ్లు సరదాగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి దిగుతుంటే మాలాంటివాళ్లకి ఒడ్డున టెన్షన్.

నీళ్లలో దిగాలనుకుంటే రుషికొండకి వెళ్లండి. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. స్నానాలకి హద్దు గీసిన చోటు ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకోడానికి గదులుంటాయి. లైఫ్‌గార్డు ఈల ఊదితే బయటికి వచ్చేయండి. ఆయనతో వాదించకండి.

భీమిలి రోడ్డు అంత బాగుంటుందంటారు, నిజమేనా?

నిజమే. నన్నడిగితే విశాఖలో చూడాల్సింది భీమిలి కన్నా భీమిలి రోడ్డు. సుమారు 25 కిలోమీటర్లు, చాలా దూరం కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు. నలభై నిమిషాల్లో వెళ్లిపోవచ్చు, కానీ ఒక పూట కేటాయించండి.

అప్పూఘర్ దాటాక తెన్నేటి పార్కు వస్తుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి వాయుగుండానికి కొట్టుకొచ్చి ఇక్కడే రాళ్లలో ఇరుక్కుపోయింది. ఊరంతా దాని ముందు ఫొటోలు దిగింది. తర్వాత జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ. ఇంకాస్త ముందుకెళ్తే మంగమారిపేట. అలలు కోసి కోసి తలుపు గడపలా మిగిల్చిన రాతి ద్వారం అక్కడుంది. నీళ్లు తగ్గినప్పుడే దగ్గరికి వెళ్లాలి.

దానికి ఎదురుగా రోడ్డుకి ఎడమవైపు తొట్లకొండ. కారు, బండి పైదాకా వెళ్తాయి. రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఇది. నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడింది. పురావస్తు శాఖ 1988 నుంచి 1992 దాకా తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోమ్ నాణెం ఈ కొండెక్కిందంటే, కింద కనిపిస్తున్న ఈ సముద్రం మీద ఎన్ని పడవలు తిరిగి ఉండాలో! వాన నీళ్లు పట్టుకోడానికి రాతిని తొలిచి తొట్లు చేశారు. అందుకే ఆ పేరు. పక్క కొండ బావికొండకీ పేరు అలాగే వచ్చింది. జనం మాత్రం ఎక్కువగా ప్రీ వెడ్డింగ్ షూట్లకి వస్తున్నారు. పొద్దున ఏడున్నరకి వెళితే కొండ మీద మీరూ, గాలీ.

భీమిలికి నాలుగు కిలోమీటర్ల ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లపాటు గాలి, సముద్రం, వాన కలిసి పోసిన ఎర్ర ఇసుక ఇది. వాన కోతకి లోతైన సందులు పడ్డాయి. 2014లో భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరింది. గోడల మీదికి ఎక్కకండి, పేర్లు చెక్కకండి. అది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక. చేత్తో రాస్తే రాలిపోతుంది. నీడ ఉండదు, అందుకని సాయంత్రం వెళ్లండి. సినిమాల్లో చూసినచోటు ఇదే అని పిల్లలకి చెబితే సంతోషిస్తారు.

ఇక భీమిలి. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన రేవు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పిరమిడ్‌లా కోసుగా కట్టినవి. పాత లైట్‌హౌస్, గడియార స్తంభం, పావురాలకొండ మీద నరసింహస్వామి గుడి కూడా చూడొచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, కానీ ఇప్పటికీ మధ్యాహ్నం పూట కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఈ నదినే రేపు మీరు బొర్రా గుహల్లో చూస్తారు. అనంతగిరి కొండల్లో పుట్టి, ఆ గుహల్లోంచి దూరి, ఇక్కడిదాకా వస్తుంది. బీచ్ ఒడ్డున వేడివేడిగా వేయించిన చేపలు అమ్ముతారు. ముందు ధర అడిగి, తర్వాత చేప వేలుపెట్టి చూపించండి.

కైలాసగిరి వెళ్లాలా?

పిల్లలుంటే వెళ్లండి. రోప్‌వే, చిన్న రైలు, పెద్ద శివపార్వతుల విగ్రహం, ఈమధ్యే కట్టిన గాజు వంతెన ఉన్నాయి. పిల్లలు లేకపోయినా కొండ మీంచి తీరం వంపు తిరిగే చోటు చూడ్డానికి ఒకసారి ఎక్కొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, రోప్‌వే లైన్ చూస్తేనే నీరసం వస్తుంది.

సింహాచలం దర్శనానికి ఎంత సమయం పడుతుంది?

మామూలు రోజుల్లో అయితే పొద్దున ఏడుకి వెళ్లి పదికల్లా కిందికి వచ్చేయొచ్చు. శనివారం, ఆదివారం చెప్పలేం.

మొదటిసారి వచ్చేవాళ్లకి ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వరాహలక్ష్మీనరసింహస్వామి నిజరూపం మీకు కనిపించదు. ఏడాదంతా చందనం పూతలో శివలింగంలా కనిపిస్తాడు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే చందనం తీస్తారు. ఆ రోజు లక్షల్లో జనం. పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని ఆ రోజు రావొద్దని మా అమ్మ కూడా చెబుతుంది, ఆవిడ మాత్రం ఏటా వెళ్తుంది.

గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరిక చెప్పుకుంటారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి కానుకలిచ్చినట్టు శాసనం ఉంది, పూజారినో అక్కడి సిబ్బందినో అడిగితే చూపిస్తారు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ ఉంటుంది. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, పళ్లు పంచుతూనే ఉంటారు. ఆ రోజు ఊళ్లో సగం రోడ్లు మూస్తారు, షికారుకని వస్తే ఇరుక్కుపోతారు.

దిగేటప్పుడు సంపెంగలు కొనుక్కోండి. సీజన్లో అనాస, పనస కూడా. సింహాచలం సంపెంగ రెండు పూలు బస్సులో పెట్టుకుంటే బస్సంతా వాసనే.

పాత ఊరు చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉంది, ఎవరూ అడగరు. వన్‌టౌన్‌లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తి మీద కప్పు లేదు. గర్భగుడి గోడలూ లేవు. భక్తులే వెళ్లి స్వయంగా పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకుంటారు. మార్గశిర గురువారాల్లో తెల్లవారుజాము నుంచే లైన్లు. అక్కడి నుంచి పోర్టు వైపు నడిస్తే మూడు కొండలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఎక్కి, పైనుంచి ఓడలు లోపలికి రావడం చూడొచ్చు. ఓడ కదిలినట్టే ఉండదు. కాసేపు ఫోన్ చూసి తలెత్తితే అవతలికి వెళ్లిపోయుంటుంది.

చేపలంటే ఇష్టమున్నవాళ్లు తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. బోట్లు రాగానే ఇసుక, మంచు, నీళ్లు కలిసిన నేల మీదే వేలంపాట. వంజరం, చందువా, కానాగంతలు, నెత్తళ్లు కుప్పలు కుప్పలు. చెప్పులు పాతవి వేసుకోండి, దారికి అడ్డంగా నిలబడకండి. బుట్టలు మోసేవాళ్లు ఆగరు, ‘పక్కకి జరుగు బావూ’ అని అరుస్తారు, అదే మర్యాద. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో హార్బర్ బోసిగా ఉంటుంది, హోటల్లో చేపల పులుసు రేటు కూడా అందుకే పెరుగుతుంది.

యారాడ?

సింధియా, మల్కాపురం మీదుగా కొండెక్కి దిగాలి. మలుపు తిరగ్గానే కింద పచ్చటి కొబ్బరితోటలు, మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. ఆ మలుపు దగ్గర అందరూ ఆగుతారు. డాల్ఫిన్ నోస్ కొండకి అవతలి పక్కన ఉన్న బీచ్ ఇది. నేవీ ఏరియా దగ్గర కాబట్టి గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి, కనిపించిన ప్రతిదాన్నీ ఫొటో తీయకండి. చీకటి పడేలోపు కొండ దిగేయండి.

అరకు ఒక్కరోజులో అవుతుందా? రైలా, కారా?

అవుతుంది. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

కిరండూల్ వెళ్లే రైలు పొద్దున ఏడులోపే విశాఖ స్టేషన్లో బయల్దేరుతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే బాధపడకండి. మామూలు పెట్టెలో కిటికీ దగ్గర కూర్చుంటే గాలి తగులుతుంది, పల్లీలు, జామకాయలు అమ్మేవాళ్లు వస్తారు. లోయ ఒకసారి ఇటుపక్కకి వస్తుంది, ఒకసారి అటుపక్కకి పోతుంది. అందుకని ఏ సీటైనా ఒకటే. సొరంగాలు 58 అంటారు. ప్రతి సొరంగంలోనూ పెట్టె మొత్తం పిల్లలు ఒకే గొంతుతో కేకలేస్తారు. లెక్కపెడతామని మొదలుపెట్టి ఇరవై దగ్గర తప్పిపోనివాళ్లని నేనింకా చూడలేదు.

ఈ లైన్ షికార్ల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు. ఎదురొచ్చే గూడ్సు బళ్లలో ఎర్రగా కనిపించేది అదే. వాటికి దారివ్వడానికి మన రైలు మధ్యమధ్యలో ఆగుతుంది. కోపం తెచ్చుకోకండి, ఈ లైన్‌కి అసలు హక్కుదారు ఆ గూడ్సే. సిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంది. అంతకు సుమారు నాలుగు గంటల ముందు మీరు సముద్రం పక్కన ఉన్నారు.

అరకులో దిగాక ముందే మాట్లాడుకున్న కారో, అక్కడి జీపో తీసుకోండి. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి వాగు చూసి భోంచేయండి. మ్యూజియం చిన్నదే కానీ వదలొద్దు. బొంగులో చికెన్ ఇక్కడే తినాలి. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతి ఆకుతో మూసి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. మన కళ్లముందు కాలుస్తున్నచోటే కొనండి. ఒకసారి ఒకచోట ముందెప్పుడో వండిన కూర బొంగులో పోసి తెచ్చి ఇచ్చారు. వెదురుకి మసి కూడా అంటలేదు. డబ్బులిచ్చేశాక చూసుకున్నాం.

తిరుగు దారిలో గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి కాఫీ తోటలు, తర్వాత బొర్రా గుహలు. బొర్రాకి నాలుగింటిలోపే చేరేలా చూసుకోండి, సాయంత్రం త్వరగా మూసేస్తారు. సున్నపురాయిని గోస్తనీ నీళ్లు లక్షల ఏళ్లు కరిగిస్తే ఏర్పడ్డ గుహలివి. పైనుంచి కారే చుక్కచుక్కకీ ఇంత సున్నం మిగిలి, కిందా పైనా రాతి కొమ్ములు పెరిగాయి. గైడు టార్చి వేసి శివుడు, ఏనుగు, పుట్టగొడుగు, తల్లీపిల్లా అని చూపిస్తాడు. కొన్ని కనిపిస్తాయి, కొన్ని ఆయన మాట మీద నమ్మాలి. మెట్లు తడిగా ఉంటాయి, గబ్బిలాలు ఉంటాయి, కోతులు బయట ఉంటాయి. చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టుకోకండి. ఎస్.కోట మీదుగా రాత్రి తొమ్మిదికల్లా ఇంటికి చేరతారు.

2022 ఏప్రిల్ నుంచి అరకు, బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. విశాఖ జిల్లా కాదు. షికారుకి దాంతో తేడా ఏమీ లేదు, పిల్లల క్విజ్ కోసం చెబుతున్నా.

అదే ట్రిప్‌లో లంబసింగి, వంజంగి కూడా?

కాదు. అవి పాడేరు, చింతపల్లి వైపు. మేఘాలు కాళ్ల కిందికి రావాలంటే తెల్లవారుజామునే కొండ మీద ఉండాలి, అంటే ముందురోజు రాత్రి అక్కడే బస. డిసెంబరు, జనవరిలో విడిగా రెండు రోజులు పెట్టుకుని రండి.

బస్సులో తిరగొచ్చా, కారు తప్పనిసరా?

ఊళ్లో బస్సు చాలు. ఇక్కడ ‘కాంప్లెక్స్’ అంటే ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకా బస్ స్టేషన్. ఆటోవాళ్లకీ కండక్టర్లకీ ఆ ఒక్క మాట చెబితే చాలు. భీమిలికి బీచ్ రోడ్డు మీదుగా 900కే, సింహాచలానికి 28, 6ఏ గుర్తుపెట్టుకోండి. 900కే ఎక్కితే కుడివైపు కిటికీ పట్టండి, టూరిస్టు బస్సుకి ఏం తక్కువ కాదు. బీచ్ రోడ్డులో తొట్లకొండ దాకా తిరిగే డబుల్ డెక్కర్ బస్సులు కూడా 2025లో వచ్చాయి, పిల్లలకి సరదా.

ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. మా హైదరాబాద్ పిన్ని ధీమాగా ఆధార్ తీసి చూపించింది. కండక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ‘మీది తెలంగాణ కదమ్మా’ అని నవ్వుతూ టికెట్ కొట్టింది.

షేర్ ఆటోలు చవక, కానీ నలుగురున్న కుటుంబానికి విడి ఆటో మాట్లాడుకోవడమే నయం. యారాడకీ, ఎర్రమట్టి దిబ్బలకీ మాత్రం సొంత బండో కారో ఉంటేనే సుఖం.

బీచ్‌లో ఏం తినాలి?

మురీ మిక్చర్. బొరుగులంటారు మీవైపు, మేం మురీలంటాం. ఆర్కే బీచ్‌లో బండి దగ్గర నిలబడి చూడండి. స్టీలు గిన్నెలో మురీలు పోసి, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, కారప్పూస, ఇంత ఉప్పూకారం, చివర్న నిమ్మచెక్క ఒక్క పిండు. గరిటెతో టకటకమని గిన్నెకి కొడుతూ కలుపుతాడు. ఆ చప్పుడుకే సగం మంది ఆగుతారు. కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. నడుస్తూ తినాలి, వెంటనే తినాలి. పది నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. ఇంటికి పార్సిల్ అడిగితే వాడే వద్దంటాడు.

తర్వాత టమాటా బజ్జీ, మిరపకాయ బజ్జీ, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు. పొట్లాలు ఇసుకలో పారేయకండి, పొద్దున ఏరేవాళ్లకి నడుం పడిపోతోంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలి?

బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చోబెడితే రెండు గంటలు కదలరు. జూలో బ్యాటరీ బండి ఉంటుంది. భీమిలి రోడ్డు కారులో తిప్పండి. కురుసుర లోపలికి, బొర్రా మెట్లకి, మూడు కొండలకి మాత్రం తీసుకెళ్లొద్దు. పట్టుదల మనుషులైతే బొర్రాలో మొదటి మలుపు దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తెండి.

జనం లేని చోటు ఏదైనా చెప్పండి.

కొండకర్ల ఆవ. అచ్యుతాపురం దగ్గర పెద్ద మంచినీటి చెరువు. చలికాలంలో పక్షులొస్తాయి. తాటి మొద్దుల్ని తొలిచి, రెండేసి కలిపి కట్టిన దోనెల్లో తామరాకుల మధ్యకి తీసుకెళ్తారు. దోనె నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది, కదలకుండా కూర్చోవాలి. అదే దారిలో అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఉంది. కొండని చెక్కి చేసిన స్తూపాలు, గుహల్లో బుద్ధుడి విగ్రహాలు. రెండూ కలిపితే ఒక పూట. జనవరిలో కనుమ రోజు తప్ప బొజ్జన్నకొండ మీద పెద్దగా ఎవరూ ఉండరు.

ఇంటికి ఏం పట్టుకెళ్లాలి?

మాడుగుల హల్వా. గోధుమపాలు, నెయ్యితో చేస్తారు, వారం పైనే నిలవుంటుంది. అరకు కాఫీ పొడి. పిల్లలకి ఏటికొప్పాక లక్కబొమ్మలు, అంకుడు కర్రతో చేసి సహజ రంగులద్దినవి. లేపాక్షి హస్తకళల దుకాణంలో దొరుకుతాయి. శంఖాలు, గవ్వలు బీచ్‌లో కొంటే బేరం ఆడండి, సగానికి అడగడం తప్పేం కాదు.

ఆఖరి రోజు రైలు రాత్రికి ఉంది. లగేజీతో ఏం చేయాలి?

స్టేషన్లో క్లోక్‌రూమ్‌లో పెట్టేసి, పొద్దున పూర్ణా మార్కెట్, మధ్యాహ్నం జగదాంబ సెంటర్లో భోజనం, సాయంత్రం ఆర్కే బీచ్ పెట్టుకోండి. బ్యాగులకి తాళం లేకపోతే తీసుకోరు, చిన్న తాళం ఒకటి దగ్గరుంచుకోండి. బీచ్ నుంచి స్టేషన్‌కి ఆటోలో ఇరవై నిమిషాలే కానీ ఆదివారం సాయంత్రం గంట చేతిలో ఉంచుకోండి. ఎక్కే ముందు ఆటో అతనికి మెయిన్ గేటా, జ్ఞానాపురం వైపు గేటా చెప్పండి. ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫామ్ అయితే జ్ఞానాపురం వైపు దిగితే బ్రిడ్జి ఎక్కక్కర్లేదు. సామాను క్లోక్‌రూమ్‌లో ఉన్న సంగతి మాత్రం అప్పుడు మర్చిపోకండి. మా మావయ్య మర్చిపోయాడు.